అటకమీది బి.బి.సి. మైక్రో

పల్నాడు జిల్లా అచ్చంపేటలో మా మేనమామగారి యింటి అటకమీద, మిర్చిగోతాలకును పాత ట్రంకుపెట్టెలకును నడుమ, ఏండ్ల తరబడి గోనెపట్టా కప్పుకొని పడియున్న యొక వస్తువును నేను గడచిన వేసవిలో క్రిందికి దింపితిని. చూచినవారు దానిని టైపుమిషను అనుకొనిరి. అట్లనుకొనుటలో వారి తప్పు లేదు. మీటలన్నియు పైననే యున్నవి, తెర యన్నది లేదు. పై వరుసలోని పది మీటలు మాత్రము సిందూరవర్ణముతో వెలుగుచుండెను. అది ‘బి.బి.సి. మైక్రో’ యను గృహ కంప్యూటరు. ఒకానొక పాఠశాలవారు విరిగిన బల్లలను, తుప్పు పట్టిన బీరువాలను వేలము వేసినపుడు వానితోపాటు ఇదియు మామయ్య పాలికి వచ్చినదట.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ అను చిన్న సంస్థ, బ్రిటిషు ప్రసార సంస్థ తలపెట్టిన కంప్యూటరు అక్షరాస్యతా ప్రణాళిక కొఱకు దీనిని నిర్మించి 1981 డిసెంబరులో విడుదల చేసెను. 1984లో మన ప్రభుత్వము ‘క్లాస్’ అను పేర బడులలో కంప్యూటరు విద్యను ప్రవేశపెట్టినపుడు ఎన్నుకొనబడిన యంత్రము ఇదియే. తరువాత మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ సంస్థ దీనినే ‘యూనికార్న్’ అను పేరుతో కూర్చి యిచ్చెను. కంప్యూటరు గదిలోనికి చెప్పులు విడిచి పోవలెనను నియమము ఆ తరమువారిలో పెక్కుమందికి జ్ఞాపకముండును. గర్భగుడిలోని మూర్తిని ముట్టనట్లే దీనిని ముట్టనివారును ఉండిరి. మామయ్యకు దక్కిన యంత్రపు మీటలమీది అక్షరములు ఒక్కటియు చెరగకుండుటకు కారణము బహుశః అదియే.

పాతయంత్రము చేజిక్కినవారికి మొట్టమొదట కలుగు కోరిక, కరెంటు పెట్టి చూతమని. ఆ కోరికను అణచుకొనుటయే మరమ్మతులో ప్రథమ పాఠము. సత్తెనపల్లిలో టీవీలు బాగుచేయు మిత్రునకు ఫోనులో సంగతి చెప్పగా ఆతడు వెంటనే హెచ్చరించెను: “మాస్టారూ, ముందు ప్లగ్గు జోలికి పోబాకండి. డబ్బా విప్పి, కరెంటొచ్చే కాడ పచ్చగా గాజులాంటి బిళ్ళ ఉందేమో చూడండి. ఉంటే అది కాలుద్ది.”

ఆ బిళ్ళయే కెపాసిటరు. ఇంటి వైరు వచ్చి చేరుచోట, ఇరుగుపొరుగు రేడియోలలో గురగుర పుట్టకుండుటకై కాగితపు పొరలతో చేసిన యిట్టి కెపాసిటర్లను ఆ కాలమున అమర్చుచుండిరి. వానిపై పోసిన రెసిను కాలక్రమమున బీటలు వాఱి, ఆ బీటలగుండ గాలిలోని తేమ కాగితమున కెక్కి, నలువది యేండ్లకు మరల 230 వోల్టులు తగిలినంతనే లోపల మంట పుట్టి, దుర్గంధముతో కూడిన పొగ ఇల్లంతయు క్రమ్మును. విచిత్రమేమన, పొగ లేచుచున్నను కంప్యూటరు పనిచేయుచునే యుండవచ్చును. ఏలయన ఆ కెపాసిటరు యంత్రము నడుచుటకు గాక పొరుగువారి సౌఖ్యము కొఱకే యున్నది. దానికి బదులుగా ‘ఎక్స్2’ తరగతికి చెందిన ప్లాస్టికుపొర కెపాసిటరునే వేయవలెను. చేతికి దొరకినదెల్ల అతికింపరాదు. కరెంటు తీగల నడుమ నిలుచు భాగము చెడినపుడు మంట పుట్టింపకుండ చెడవలెనన్నది ఆ తరగతి నియమము. నేను హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీనుండి దానిని తెప్పించుకొంటిని. ఇంకొక సంగతి: ప్లగ్గు తీసిన పిదపకూడ అదే డబ్బాలోని పెద్ద కెపాసిటరులో మూడువందల వోల్టులకు పైగా నిలువయుండవచ్చును గనుక, తెలిసినవారి ప్రక్కన గాని దానిలో చేయి పెట్టరాదు.

మూత విప్పుట మాత్రము సుకరము. విప్పవలసిన మరల ప్రక్కనే ‘ఫిక్స్’ అని అక్షరములు పోసియున్నవి. నేటి ఫోనులవలె జిగురుతో మూసి, విప్పినవానిని దొంగగా చూచు స్వభావము ఆనాటి నిర్మాతలకు లేదు. లోపల ఒకే విశాలమైన బోర్డు. దానిపై గొంగళిపురుగులవలె బారులు తీరిన చిప్పులు. జ్ఞాపకశక్తికి పదునాఱు చిప్పులు, ఒక్కొక్కటి రెండేసి కిలోబైట్లు, వెరసి 32. నేడు 4 గిగాబైట్ల ఫోనులో ఇట్టివి లక్షా ముప్పదియొక్క వేలకు పైగా ఇముడును. ‘ఎ’ నమూనా కొన్నవారికి ఎనిమిది చిప్పులే యుండెడివి. తక్కిన యెనిమిదిని, మరికొన్ని భాగములను చేర్చి దానిని ‘బి’గా పెంచుకొనువారు. మెరుగుపఱచుకొనుట యనునది ఈ యంత్రమునకు పుట్టుకతో వచ్చిన గుణమన్నమాట.

కెపాసిటర్లు మార్చి కరెంటు పెట్టగా ‘బూ’ అని దీర్ఘస్వరము వినబడి, ఆగక సాగెను. ఆరోగ్యముగా నున్న బి.బి.సి. మైక్రో ‘బూ’ అని, వెంటనే ‘బీప్’ అని రెండు స్వరములు పలుకును. మొదటిది, ఆజ్ఞ యింకను అందని ధ్వనిచిప్పు తనంతట తాను చేయు రొద. రెండవది, 6502 అను ప్రాసెసరు మేలుకొని, ఆ రొద నడచి, నేను సిద్ధమని చెప్పు మాట. రెండవది రాలేదనగా ప్రాసెసరు మేలుకొనలేదని యర్థము. వైద్యుడు నాడి పట్టినట్లు, ఈ యొక్క శబ్దముతోనే సగము రోగము తేలిపోవును. ప్రాసెసరును మెల్లగా ఊడదీసి చూడగా దాని నలువది కాళ్ళును కిలము పట్టి నల్లబడియుండెను. శుభ్రపఱచి మరల గూటిలో నొక్కితిని. ఈ మారు ‘బూ–బీప్’ అని వినబడగా, వంటింటిలోనుండి అత్తయ్య “కుక్కరా?” అని అడిగినది.

పిమ్మట మెరుగుల ఘట్టము. ఆ కాలమున ప్రోగ్రాములను టేపురికార్డరునుండి ఎక్కించుకొనెడివారు. పదునాఱు కిలోబైట్లు లోనికి పోవుటకు రెండు నిమిషములకు పైగా పట్టును, నడుమ తప్పు దొరలెనా, టేపును కొంత వెనుకకు త్రిప్పి మరల ఎక్కింపవలెను. ఇపుడు వెనుకటి ఫ్లాపీ డిస్కుల స్థానమున గోటంత ఎస్.డి. కార్డును తగిలించి, దానిని నడుపు ప్రోగ్రామును ఒక రోమ్‌చిప్పులో వ్రాసి బోర్డుపై ఖాళీగా నున్న గూటిలో పెట్టినచో, 511 డిస్కులు ఒక్క కార్డులో నుండును. పెట్టెకు రంధ్రము పొడువలేదు, తీగ కోయలేదు. ఆ నియమమును మాత్రము నేను విడువలేదు.

అన్నిటికంటె నన్ను ఆకర్షించినది ‘ట్యూబ్’ అను ద్వారము. ప్రాసెసరు చాలనపుడు వెలుపలినుండి రెండవ ప్రాసెసరును తెచ్చి కలుపుకొనుటకై పెట్టె యడుగున దీనిని అమర్చిరి. ఏకార్న్‌వారు సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అను వారి నేతృత్వమున తామే యొక కొత్త ప్రాసెసరును రూపొందించి, 1985 ఏప్రిల్ 26న మొదటి చిప్పు చేతికి రాగా, ఈ ద్వారమునకే తగిలించి పరీక్షించిరి. అది మొదటి ప్రయత్నముననే పనిచేసెను. విద్యుత్తు ఎంత త్రాగుచున్నదో కొలువబోగా మీటరు సున్న చూపెను: ఆ చిప్పునకు కరెంటు తీగయే కలుపబడలేదు, తక్కిన తీగలనుండి జాఱివచ్చిన విద్యుత్తుతోనే అది నడచినది! ఆ చిప్పు పేరు ‘ఆర్మ్’. నేడు మన జేబులోని ఫోనులలో దాదాపు అన్నిటను దాని సంతతియే. నేను నా యంత్రమునకు తగిలించినది అఱచేతిలో నిముడు రాస్ప్‌బెరీ పై. దానిలోనిదియు ఆర్మ్ చిప్పే. 5 వోల్టుల తాతకును 3.3 వోల్టుల మనుమనికిని నడుమ, వోల్టేజి కుదుర్చు చిన్న బోర్డు ఒకటి మధ్యవర్తిగా నిలిచినది.

పచ్చబాఱిన పెట్టెను హైడ్రోజన్ పెరాక్సైడు పూసి ఎండబెట్టినచో తెల్లబడుననిరి. పల్నాటి ఎండకు కొదువ లేదు గాని, వయస్సును కడిగివేయుటకు నాకు మనసొప్పలేదు.

ఇక మిగిలినది తెలుగు. ఈ యంత్రమునకు తెలుగు రాదు, అయినను ‘వి.డి.యు. 23’ అను ఆజ్ఞతో ఎనిమిది అడ్డవరుసలు, ఎనిమిది నిలువువరుసలు గల చుక్కల ముగ్గులో మనకు వలసిన అక్షరమును మనమే పెట్టుకొనవచ్చును. చుక్కలకు ఎడమనుండి 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని విలువలు. వరుసలో వెలుగవలసిన చుక్కల విలువలను కూడి చెప్పవలెను. గళ్ళ పుస్తకములో మూడు రాత్రులు కూర్చుండి ఊరి పేరు కూర్చితిని. ‘అ’, ‘ట’ తేలికగనే కుదిరినవి. ‘చ్చ’ యొద్ద వచ్చినది చిక్కు. ఒత్తునకు క్రింద ఇంకొక గడి వేసిన గాని చోటు చాలలేదు.

యంత్రమునకు తగిలించిన తెరమీద ‘అచ్చంపేట’ వెలిగినపుడు మామయ్య కండ్లజోడు సవరించుకొని దగ్గరకు వచ్చి చాలసేపు చూచెను. “ఒత్తు బానే ఉంది గానీ, తలకట్టేదిరా అబ్బాయ్?” అనెను.

నేను మరల గళ్ళ పుస్తకము తెఱచితిని.