పడవెక్కి... ట్రామెక్కి... హాంకాంగ్!

హాంకాంగ్ టూర్ ప్యాకేజీ ఏది చూసినా డిస్నీల్యాండ్, ఓషన్ పార్క్, షాపింగ్ మాల్స్ ముందు వరసలో ఉంటాయి. పిల్లలతో వెళ్లేవారికి అవీ కావాల్సిందే. కానీ ఈ ఊరు ఎలాంటిదో తెలియాలంటే అక్కడి ఉద్యోగులు రోజూ ఎక్కే పడవ ఎక్కాలి, కూరగాయల సంచులతో అవ్వలు ఎక్కే ట్రామ్ ఎక్కాలి. వేరే నగరాల్లో చూడాల్సిన చోటికి చేరడానికి బండి ఎక్కుతాం. హాంకాంగ్‌లో ఆ బండి ప్రయాణమే చూడాల్సిన వింత.

దానికి కారణం ఆ నేల తీరే. కొండలు నిటారుగా సముద్రంలోకి దిగిపోతాయి, చదును నేల బహు తక్కువ. సుమారు 1,100 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో 75 లక్షల మంది ఉంటారు. అందులోనూ 40 శాతం దాకా కంట్రీ పార్కుల పేరిట కాపాడుకుంటున్న కొండలు, అడవులు. మిగిలిన చోట మేడ మీద మేడ లేచింది. పనికెళ్లాలంటే నీళ్లు దాటాలి, ఇంటికెళ్లాలంటే కొండెక్కాలి. ఆ అవసరం కోసం ఏర్పాటు చేసుకున్నవే ఇప్పుడు పర్యటకుల్ని అబ్బురపరుస్తున్నాయి.

పార్సీ పెట్టిన పడవ

కౌలూన్ వైపున్న సిమ్ షా సుయ్ రేవు నుంచి హాంకాంగ్ ద్వీపంలోని సెంట్రల్‌కు స్టార్ ఫెర్రీ నడుస్తుంది. ప్రయాణం పది నిమిషాలే. రెండు అంతస్తుల ఈ ఆకుపచ్చ, తెలుపు పడవకు ముందూ వెనకా అనే తేడా లేదు. అవతలి రేవుకు చేరాక తిరగాల్సిన పని లేకుండా వచ్చిన దారినే వెళ్లిపోతుంది. మరి కూర్చున్నవాళ్ల సంగతి? చెక్క బల్లల వీపు పలకలు అటూ ఇటూ ఒరిగేలా బిగించారు. రోజూ ఎక్కేవాళ్లు వస్తూనే ఆ పలకను అవతలికి తోసి, పడవ వెళ్లే దిక్కుకు ముఖం పెట్టి కూర్చుంటారు. రేవు దగ్గరపడగానే పడవలోంచి మోకు విసిరితే, గట్టు మీది మనిషి పొడవాటి కొక్కెంతో దాన్ని అందుకుని గుంజకు చుడతాడు.

ఈ సర్వీసు వెనక ఉన్నది మన దేశస్థుడే. దొరాబ్జీ నౌరోజీ మిఠాయివాలా అనే పార్సీ వ్యాపారి 1888లో కౌలూన్ ఫెర్రీ కంపెనీ పెట్టారు. పదేళ్ల తర్వాత అదే స్టార్ ఫెర్రీ అయింది. ఊరివాళ్లకు ఈ పడవ ఎంత ముఖ్యమో 1966లో తెలిసొచ్చింది. పైతరగతి ఛార్జీ ఐదు సెంట్లు పెంచుతారన్నందుకు ఒక యువకుడు రేవులో నిరాహారదీక్షకు దిగాడు. ఆ నిరసన కౌలూన్‌లో అల్లర్లకు దారితీసింది. తర్వాత సముద్రం అడుగున సొరంగ మార్గం వచ్చింది, మెట్రో వచ్చింది. అయినా పడవ ఆగలేదు, టికెట్ ఇప్పటికీ చౌకే. సాయంత్రం చీకటి పడే వేళ కౌలూన్ నుంచి బయల్దేరితే, ఎదురుగా ద్వీపం మీది భవనాలు ఒక్కొక్కటిగా దీపాలు వెలిగించుకుంటూ దగ్గరకొస్తాయి.

సంతలోంచి ‘డింగ్ డింగ్’

1904 నుంచి ద్వీపం ఉత్తర తీరం పొడవునా ట్రామ్‌లు తిరుగుతున్నాయి. గంట మోత వల్ల వాటికి ‘డింగ్ డింగ్’ అన్న ముద్దు పేరు స్థిరపడింది. అన్నీ డబుల్ డెక్కర్లే. వెనక నుంచి ఎక్కి, దిగేటప్పుడు ముందు తలుపు దగ్గర డబ్బులివ్వాలి. ఎంత దూరం వెళ్లినా ఒకటే ఛార్జీ. పై అంతస్తులో ముందు సీటు దొరికితే అదృష్టమే.

నార్త్ పాయింట్ వైపు వెళ్లే బండి ఎంచుకోండి. చివర్లో అది చున్ యెంగ్ వీధిలోకి తిరుగుతుంది. అది వీధి కాదు, సంత. ట్రామ్ పట్టాలకు అటూ ఇటూ చేపలు, ఆకుకూరలు, పండ్ల దుకాణాలు. గంట వినగానే జనం తాపీగా పక్కకు తప్పుకుంటారు, బండి వెళ్లగానే మళ్లీ పట్టాల మీదికొచ్చి బేరాలాడతారు. కాస్త వంగితే దుకాణాల పరదాలు చేతికందుతాయా అనిపిస్తుంది.

కొండెక్కే దారులు రెండు

1888లో మొదలైన పీక్ ట్రామ్‌ను ఉక్కుతాడుతో కొండ మీదికి లాగుతారు. వాలు ఎంతంటే, కిటికీలోంచి చూస్తే భవనాలే పక్కకు ఒరిగిపోయినట్టుంటాయి. వలస పాలనలో చాలాకాలం కొండ మీద దాదాపుగా తెల్లదొరలే కాపురముండేవారు. ట్రామ్‌లో ముందు సీట్లు రెండు 1949 దాకా గవర్నర్‌గారికే కేటాయించి ఉండేవి. ఇప్పుడు ఎవరు ముందొస్తే వారివే. పైకెళ్లాక టికెట్ పెట్టి వ్యూ డెక్ ఎక్కేవారు ఎక్కువ. లుగార్డ్ రోడ్డు మీద చెట్ల నీడన కాస్త నడిస్తే అదే దృశ్యం పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది.

రెండోది ఇంకా వింత. సెంట్రల్ నుంచి కొండవాలు మీది ఇళ్లకు 1993లో ఎస్కలేటర్లు వేశారు. మొత్తం సుమారు 800 మీటర్లు. ఉదయం పది దాకా అవి కిందికే నడుస్తాయి, జనం ఆఫీసులకు దిగాలి కదా! పది దాటాక పైకి. కాబట్టి పొద్దున్నే వెళ్లి మెట్లెక్కి ఆయాసపడకండి. దారిలో దిగితే పాత పోలీస్ స్టేషన్, జైలు భవనాలను కళాకేంద్రంగా మార్చిన టై క్వున్ ఉంది. హాలీవుడ్ రోడ్డులోని మాన్ మో గుడిలో పైకప్పు నుంచి గొడుగుల్లా వేలాడే పెద్ద పెద్ద అగరుచుట్టలు గంటల తరబడి కాలుతుంటాయి.

టీ నుంచి గుడి భోజనం దాకా

ఆకలేస్తే ‘చా చాన్ టెంగ్’ హోటళ్లున్నాయి. మన ఇరానీ కేఫ్‌లాంటివే అనుకోండి: హడావుడి సర్వర్లు, తెలియనివాళ్లతో పంచుకునే బల్ల, చిక్కటి టీ. బట్ట సంచిలో పదేపదే వడకట్టి, డబ్బా పాలు కలిపిన ఆ టీతో పైనాపిల్ బన్ తినాలి. పేరుకే పైనాపిల్, లోపల పండు ఉండదు. పైన పెళుసు పొర ఆ కాయ తొక్కలా పగుళ్లిచ్చి ఉంటుంది, అంతే. శాకాహారులు ముందే అడిగి తినడం మంచిది, సూపుల్లో, సాస్‌ల్లో మాంసం తగలొచ్చు. చపాతీ, పప్పు కావాలంటే సిమ్ షా సుయ్‌లోని చుంగ్‌కింగ్ మాన్షన్స్‌లో భారతీయ హోటళ్లకు కొదవ లేదు.

ఒక రోజు లాంటావ్ ద్వీపానికి అట్టిపెట్టుకోండి. తుంగ్ చుంగ్ నుంచి 5.7 కిలోమీటర్ల కేబుల్ కార్‌లో సముద్రం, కొండలు దాటితే 34 మీటర్ల కంచు బుద్ధుడు. దగ్గరికెళ్లాలంటే 268 మెట్లు. ఎదురుగా పో లిన్ మఠంలో పూర్తి శాకాహార భోజనం పెడతారు.

వెళ్లే ముందు...

భారతీయులు 14 రోజుల్లోపు పర్యటనకు ఆన్‌లైన్‌లో ఉచితంగా ముందస్తు నమోదు చేసుకుని, ఆ కాగితం ప్రింట్ తీసుకుని వెళ్లాలి. దిగగానే ఆక్టోపస్ కార్డు కొనుక్కుంటే మెట్రో, బస్సు, ట్రామ్, పడవ నుంచి చిన్న దుకాణాల దాకా అన్నిటికీ అదే పనికొస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. వేసవి సెలవులకు వెళ్తే ఉక్కపోత తప్పదు, తుపాన్లూ రావొచ్చు. ఎనిమిదో నంబరు తుపాను హెచ్చరిక ఎగరేశారంటే పడవలు, ట్రామ్‌లు ఆగిపోతాయి, ఆఫీసులు, చాలా దుకాణాలు మూసేస్తారు. ఆ రోజు కూడా ఊరివాళ్లు చేసే పనే మీరూ చేయండి: బిస్కెట్లు, నూడుల్స్ తెచ్చుకుని గదిలో కాళ్లు చాపుకుని కూర్చోండి.