హార్మోన్ రుగ్మతల్లో జన్యు వ్యక్తీకరణ పరిశోధన: ఆధార జన్యువుల ఎంపిక

వ్యాససంగ్రహం: హార్మోన్ రుగ్మతల్లో జన్యువుల పనితీరును కొలిచేటప్పుడు ఏ జన్యువును ఆధారంగా తీసుకోవాలి, దాని స్థిరత్వాన్ని ఎలా పరీక్షించాలి అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఆధార జన్యువు, రియల్‌టైమ్ పీసీఆర్, పీసీఓఎస్, ఇన్సులిన్.

1. ఉపోద్ఘాతం

పల్నాడు జిల్లా మాచర్ల ప్రాంతాన్ని ఆనుకొని ఉన్న నాగార్జునసాగర్ జలాశయపు పూర్తిస్థాయి నీటిమట్టం 590 అడుగులు. ఈ అంకె జలాశయపు లోతు కాదు. సముద్రమట్టం నుంచి నీటి ఉపరితలం ఎంత ఎత్తున ఉందో తెలిపేది. జలాశయపు అడుగునే ఆధారంగా తీసుకుంటే, పూడిక పేరుకున్నప్పుడు నీటి ఉపరితలం కదలకపోయినా మట్టం పడిపోయినట్లు లెక్క తేలుతుంది. ఆధారం కదిలితే కొలత తప్పుతుందనే ఈ సూత్రం జన్యు పరిశోధనకూ వర్తిస్తుంది.

2. ఆధార జన్యువు ఆవశ్యకత

ఒక జన్యువు ఎంత చురుకుగా ఉందో తెలుసుకోవడానికి దాని ఎంఆర్ఎన్ఏ పరిమాణాన్ని రియల్‌టైమ్ పీసీఆర్ పద్ధతిలో కొలుస్తారు. నిర్ణీత స్థాయికి చేరడానికి పట్టిన చక్రాల సంఖ్యే సీటీ విలువ. ఇది ఒక చక్రం తగ్గితే పరిమాణం సుమారు రెండింతలని అర్థం. నమూనాల్లో కణజాల పరిమాణం, ఆర్ఎన్ఏ నాణ్యత ఒకే విధంగా ఉండవు. ఈ తేడాలను సరిదిద్దడానికి అన్ని నమూనాల్లోనూ స్థిరంగా ఉండే జన్యువుతో పోలుస్తారు. జీఏపీడీహెచ్, బీటా యాక్టిన్ చిరకాలంగా ఇందుకు వాడుకలో ఉన్నాయి.

3. హార్మోన్ రుగ్మతల్లో చిక్కు

పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ (పీసీఓఎస్) ఉన్న అనేకమందిలో ఇన్సులిన్ నిరోధకత, రక్తంలో అధిక ఇన్సులిన్ కనిపిస్తాయి. జీఏపీడీహెచ్ గ్లూకోజ్ విచ్ఛిత్తిలో పాల్గొనే ఎంజైమ్. ఇన్సులిన్ ఈ జన్యువును ప్రేరేపిస్తుందని కొవ్వు కణాలపై జరిగిన ప్రయోగాలు 1980లలోనే తెలిపాయి. అంటే, పరిశోధిస్తున్న రుగ్మతే కొలమానాన్ని మార్చే అవకాశం ఉంది.

ఒక ఊహాత్మక ఉదాహరణను పరిశీలించవచ్చు. పరిశోధిత జన్యువు సీటీ విలువ ఆరోగ్యవంతుల్లోనూ, రోగుల్లోనూ 25. జీఏపీడీహెచ్ విలువ ఆరోగ్యవంతుల్లో 18, రోగుల్లో 17. తేడాలు వరుసగా 7, 8. నిజానికి ఏ మార్పూ లేని జన్యువు రోగుల్లో సగానికి పడిపోయినట్లు ఫలితం వస్తుంది. ఆ ఫలితంపై ఆధారపడిన తరువాతి పరిశోధనలన్నీ దారి తప్పుతాయి.

4. ఎంపిక విధానం

2002లో వెలువడిన జీనార్మ్ విధానం, రెండు స్థిరమైన జన్యువుల నిష్పత్తి అన్ని నమూనాల్లోనూ మారకూడదన్న సూత్రంపై పనిచేస్తుంది. అస్థిరమైన వాటిని ఒక్కొక్కటిగా తొలగించి, మిగిలిన వాటి గుణాత్మక సగటును ఆధారంగా తీసుకోవాలని సూచిస్తుంది. అయితే ఒకే ప్రేరణకు కలిసి పెరిగే రెండు జన్యువుల నిష్పత్తి కూడా మారదు. అవి స్థిరమైనవన్న భ్రమ కలుగుతుంది. అందుకే పరీక్షించే జన్యువులను భిన్నమైన జీవక్రియల నుంచి ఎంచుకోవాలి. 2004లో వచ్చిన నార్మ్‌ఫైండర్ రోగులకూ ఆరోగ్యవంతులకూ మధ్య ఉన్న తేడాను విడిగా లెక్కిస్తుంది.

కణజాలం మారితే పరీక్షను మళ్లీ చేయాలి. అండాశయ కణాల్లో స్థిరమైన జన్యువు, ఋతుచక్రంతో మారే గర్భాశయ లోపొరలోనూ స్థిరంగా ఉంటుందన్న హామీ లేదు.

5. ముగింపు

తగిన రుజువు లేకుండా ఒకే ఆధార జన్యువుపై ఆధారపడరాదని 2009 నాటి ఎంఐక్యూఈ మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. పూర్వ పరిశోధకులు వాడారన్నది రుజువు కాదు. ఆ రుగ్మతలో, ఆ కణజాలంలో, ఆ నమూనాల్లో స్థిరత్వాన్ని నిరూపించిన జన్యువే ఆధార జన్యువు. సిద్ధాంతగ్రంథాన్ని పరిశీలించేవారు ఫలితాల పట్టికకన్నా ముందు ఈ నిరూపణను చూడటం అవసరం.