ఆరంకెల ఆయుష్షు

ఫోన్‌లో లాగిన్ ధ్రువీకరణకు వాడే అథెంటికేటర్ యాప్ తెరిస్తే ఆరంకెల సంఖ్య ఒకటి కనిపిస్తుంది. ముప్పై సెకన్లకోసారి అది మారిపోతుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి చూడండి, అయినా మారుతూనే ఉంటుంది. ఎవరూ పంపడం లేదు మరి, ఫోనే లెక్కగడుతోంది.

ఆ లెక్క ఇదీ. మొదటిసారి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు ఒక రహస్య సంఖ్య ఫోన్‌లోకి చేరుతుంది. దాని నకలు సర్వర్ దగ్గర ఉంటుంది. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను 30తో భాగించి, వచ్చిన భాగఫలాన్నీ ఆ రహస్యాన్నీ కలిపి తిరగలిలో వేసి విసిరితే 20 బైట్ల పిండి వస్తుంది. చివరి బైట్‌లోని ఆఖరి నాలుగు బిట్లను బట్టి, ఎక్కడ మొదలుపెట్టి నాలుగు బైట్లు తీసుకోవాలో తేలుతుంది. వాటిలో మొదటి బిట్ వదిలేసి పది లక్షలతో భాగిస్తే మిగిలిన శేషమే మన ఆరంకెలు. సర్వర్ కూడా ఇదే లెక్క చేసి సరిపోల్చుకుంటుంది.

ఒక్కసారికే చెల్లే పాస్‌వర్డ్ ఆలోచనను లెస్లీ లాంపోర్ట్ 1981లోనే వ్యాసంగా రాశారు. తర్వాత కంపెనీల ఉద్యోగుల తాళంచెవుల గుత్తులకు అంకెలు మారే చిన్న పరికరాలు వేలాడాయి. ఫోన్ వచ్చి వాటిని మింగేసింది. 30 సెకన్ల పద్ధతి 2011లో ప్రామాణికమైంది.

మన దేశంలో కథ వేరేలా నడిచింది. ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు అదనపు ధ్రువీకరణను రిజర్వ్ బ్యాంక్ 2009 ఆగస్టు నుంచి తప్పనిసరి చేసింది. మొదట్లో పాస్‌వర్డ్‌తో సాగిన ఆ తనిఖీ క్రమంగా ఎస్సెమ్మెస్ ఓటీపీగా మారింది. బటన్ల ఫోన్ ఉన్నా చాలు, అదే దాని గొప్ప. కానీ ఎస్సెమ్మెస్ వచ్చేది నంబరుకు, ఫోన్‌కు కాదు. మీ పేరుతో డూప్లికేట్ సిమ్ తీసుకున్నవాడికి మీ ఓటీపీలూ దక్కుతాయి. 2017లో జర్మనీలో సిమ్ జోలికే పోకుండా, టెలిఫోన్ కంపెనీలు తమలో తాము మాట్లాడుకునే 1970ల నాటి సంకేత వ్యవస్థలోంచి బ్యాంకు కోడ్‌లను దారి మళ్లించారు. అందుకే, యూపీఐ యాప్ నమోదులో మెసేజ్ ఫోన్‌కు రావడానికి బదులు ఫోన్ నుంచే బయటికి వెళ్లడం నాకు తెలివైన తిరగేతగా కనిపిస్తుంది.

అసలు చిల్లు మాత్రం మన నోరే. “ఓటీపీ చెప్పండి సార్” అంటే చెప్పేస్తాం. యాప్ లెక్కగట్టిన అంకెలైనా నకిలీ సైటులో టైపు చేసేస్తాం. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ కలిసి 2022లో ముందుకు తెచ్చిన పాస్‌కీలో చెప్పడానికి అంకెలే లేవు. సైటు పంపిన ప్రశ్న మీద ఫోన్ తన రహస్య తాళంచెవితో సంతకం చేస్తుంది. ఆ తాళంచెవి సైటుకు వెళ్లదు, వేలిముద్రా వెళ్లదు. సైటు పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా సంతకం పడదు.

ఇంత చేసి, ఫోన్ పోయిందంటే మాత్రం చాలా సైట్లు మళ్లీ ఎస్సెమ్మెస్ పంపుతామంటాయి. దొంగ ముందుగా నొక్కి చూసేది ఆ బటన్‌నే.