కుక్కపిల్ల గిన్నెలో కాల్షియం లెక్క

ఇంటికి కొత్తగా కుక్కపిల్ల వస్తే మొదట దాని ముందుకు చేరేది పాల గిన్నె. వారం తిరిగేసరికి పాలన్నం, పెరుగన్నం మొదలవుతాయి. ఇంట్లో మాంసం వండిన రోజు రెండు ముక్కలు అదనం. ఇలా పెరిగిన పిల్లల్లో కొన్నింటికి మూడు నాలుగు నెలల వయసులో ముందుకాళ్లు వంకర తిరుగుతాయి. నిన్నటి దాకా ఇల్లంతా గెంతిన పిల్ల లేచి నిలబడటానికే మూలుగుతుంది. మరికొన్ని ఇళ్లలో ఖరీదైన పప్పీ ఫుడ్ పెడుతూనే, ఎముకలు బలపడతాయని కాల్షియం సిరప్ కూడా రోజూ పోస్తారు. ఆ పిల్లలకూ కాళ్లు వంకరపోవచ్చు. లక్షణం ఒకటే అయినా కారణాలు పూర్తిగా వ్యతిరేకం. మొదటి గిన్నెలో కాల్షియం చాలలేదు, రెండో గిన్నెలో మితిమీరింది.

ఏడాదిలో అరవై రెట్లు

మనిషి బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి పుట్టినప్పటి బరువుకు సుమారు మూడు రెట్లు పెరుగుతుంది. పుట్టినప్పుడు 400 గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉండే లాబ్రడార్ పిల్ల ఏడాది తిరిగేసరికి పాతిక ముప్పై కిలోలకు చేరుతుంది. అంటే అరవై రెట్లకు పైనే. ఇంత వేగంగా పెరిగే శరీరానికి ఆహారం కూడా అదే స్థాయిలో అందాలి. పాలు మానిన కొత్తలో కుక్కపిల్లకు, అదే బరువున్న పెద్ద కుక్కతో పోలిస్తే దాదాపు రెట్టింపు శక్తి కావాలి. పెరుగుదల నెమ్మదించే కొద్దీ ఈ అవసరం తగ్గుతుంది.

పొడవైన ఎముకల చివర్లలో మృదులాస్థితో ఏర్పడిన పెరుగుదల ఫలకాలు ఉంటాయి. ఎముక పొడవు పెరిగేది ఇక్కడే. మెత్తగా ఉన్న ఈ మృదులాస్థి కాల్షియం, ఫాస్ఫరస్ పట్టి క్రమంగా గట్టి ఎముకగా మారుతుంది. ఈ రెండు ఖనిజాలు తగినంతగా, తగిన నిష్పత్తిలో అందాలి. ఫాస్ఫరస్ ఒక పాలు ఉంటే కాల్షియం ఒకటి నుంచి రెండు పాళ్ల మధ్య ఉండాలని పోషక ప్రమాణాలు చెబుతాయి.

అన్నం తప్పు కాదు, కానీ చాలదు

కుక్క మాంసాహారి కాబట్టి అన్నం దానికి పడదనే వాదన తరచూ వినిపిస్తుంది. 2013లో నేచర్ పత్రికలో వచ్చిన జన్యు పరిశోధన ఇందుకు భిన్నమైన విషయం చెప్పింది. పిండిపదార్థాలను జీర్ణం చేసే అమైలేజ్ ఎంజైమ్ జన్యువు తోడేలులో కేవలం రెండు ప్రతులు ఉంటే, కుక్కల్లో చాలా ఎక్కువ ప్రతులు ఉంటాయి. మనుషుల మధ్య మనుషుల తిండి తింటూ బతికిన జంతువులో వచ్చిన మార్పు ఇది. మెత్తగా ఉడికిన అన్నాన్ని కుక్క బాగానే అరిగించుకుంటుంది.

చిక్కు అంతా అన్నంలో లేనివాటితోనే. పెరిగే పిల్లకు ప్రతి వెయ్యి కిలో కేలరీల ఆహారంలో కనీసం 3 గ్రాముల కాల్షియం ఉండాలి. 150 గ్రాముల బియ్యం, 300 గ్రాముల ఎముకలు తీసిన కోడిమాంసం కలిపి వండితే దాదాపు అంత శక్తి వస్తుంది. కానీ అందులో కాల్షియం 0.1 గ్రాము కూడా ఉండదు. పైగా మాంసంలో కాల్షియం కంటే ఫాస్ఫరస్ 15 నుంచి 20 రెట్లు ఎక్కువ. ఉండాల్సిన నిష్పత్తి ఇక్కడ పూర్తిగా తలకిందులవుతుంది. చూడటానికి బలమైన భోజనమే, ఎముకలకు మాత్రం పస్తు.

పాలు ఈ లోటును కొంతవరకే పూడుస్తాయి. అర లీటరు ఆవు పాలలో సుమారు 0.6 గ్రాముల కాల్షియం ఉంటుంది. తల్లికుక్క పాలతో పోలిస్తే ఆవు పాలలో మాంసకృత్తులు, కొవ్వు సగానికి మించవు, లాక్టోజ్ చక్కెర మాత్రం ఎక్కువ. పాలు మానే వయసు దాటాక లాక్టోజ్‌ను అరిగించే శక్తి తగ్గుతుంది కాబట్టి చాలా పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి. పెరుగులో లాక్టోజ్ కొంత తగ్గుతుంది కనుక అది కాస్త నయం. ధాన్యాల్లో కాల్షియానికి పేరుపొందిన రాగుల్లో 100 గ్రాములకు 350 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. అయినా రాగి సంకటి ఒక్కటే పెట్టినా అవసరంలో మూడో వంతుకు కాస్త పైగా మాత్రమే అందుతుంది. ధాన్యంలోని ఫైటేట్లు అందులోనూ కొంత ఒంటపట్టకుండా అడ్డుకుంటాయి.

ఎముకల నుంచి అప్పు

గుండె కొట్టుకోవడానికి, కండరాలు కదలడానికి రక్తంలో కాల్షియం ఒక స్థాయిలో ఉండి తీరాలి. ఆహారం నుంచి రాకపోతే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ విడుదల చేసి ఎముకల్లోని నిల్వను కరిగించి రక్తంలోకి తెస్తాయి. రోజూ ఇలా అప్పు తీసుకుంటూ పోతే ఎముక గోడలు పలచబడతాయి. సోఫా మీది నుంచి దూకినా పచ్చికొమ్మ వంగి చిట్లినట్టు ఎముక చిట్లవచ్చు. రక్తపరీక్షలో కాల్షియం మామూలుగానే కనిపించవచ్చు, ఎందుకంటే శరీరం ఎముకలను ఖర్చు చేసి దాన్ని నిలబెడుతోంది. ఎక్స్‌రేలో అసలు సంగతి తెలుస్తుంది.

ఎండ ఇవ్వని విటమిన్

కాళ్లు వంగిన పిల్లను ఉదయపు ఎండలో కూర్చోబెట్టమనే సలహా పసిపిల్లల పెంపకం నుంచి వచ్చింది. మనిషి చర్మం ఎండ సాయంతో విటమిన్-డి తయారుచేసుకుంటుంది. కుక్క చర్మంలో ఆ ముడిపదార్థం తగినంతగా నిలవదు, అందుకే కుక్కలు విటమిన్-డి కోసం ఆహారం మీదే ఆధారపడాలి. అలాగని సొంతంగా విటమిన్-డి చుక్కలు వేయడం ప్రమాదం. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగిపోయి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఎక్కువైతే ఏమవుతుంది?

పెద్ద కుక్క పేగులు అవసరమైనంత కాల్షియం తీసుకుని మిగతాది వదిలేస్తాయి. సుమారు ఆరు నెలల లోపు పిల్లల్లో ఈ నియంత్రణ ఇంకా కుదరదు. గిన్నెలో ఎక్కువ పడితే లోపలికీ ఎక్కువే చేరుతుంది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1980లలో గ్రేట్ డేన్ పిల్లలపై దీన్ని పరీక్షించారు. ఒక గుంపుకు 1.1 శాతం కాల్షియం ఉన్న ఆహారం, మరో గుంపుకు 3.3 శాతం ఉన్న ఆహారం పెట్టారు. ఎక్కువ కాల్షియం తిన్న పిల్లల్లో మృదులాస్థి ఎముకగా మారే ప్రక్రియ దెబ్బతిని, ఎముకల పెరుగుదలలో లోపాలు కనిపించాయి.

అందుకే ఇప్పుడు అమెరికా పశు ఆహార ప్రమాణాలు కుక్కపిల్లల ఆహారంలో కనీసం 1.2 శాతం కాల్షియం ఉండాలని చెబుతూనే, పెద్దయ్యాక 32 కిలోలు దాటే జాతులకు 1.8 శాతాన్ని గరిష్ఠ పరిమితిగా పెట్టాయి. నీరు తీసేసిన పొడి ఆహారం ఆధారంగా వేసిన లెక్కలివి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ వంటి పెద్ద జాతులకే ముప్పు ఎక్కువ.

బొద్దుగా ఉండటం ఆరోగ్యమా?

ఎముకలు గట్టిపడక ముందే బరువు పెరిగితే ఆ భారం కీళ్ల మీద పడుతుంది. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లలను ఎనిమిది వారాల వయసు నుంచి జీవితాంతం గమనించిన అధ్యయనం 2002లో వెలువడింది. జతలుగా చేసిన వాటిలో ఒకదానికి, రెండోది తిన్నదానికంటే 25 శాతం తక్కువ పెట్టారు. తక్కువ తిన్న కుక్కల సగటు ఆయుష్షు 13 ఏళ్లు, రెండో గుంపుది 11.2 ఏళ్లు. కీళ్లవాతానికి మందులు అవసరమైన వయసు కూడా మూడేళ్లు వెనక్కి జరిగింది. పిల్ల పక్కల మీద చేయి ఆనిస్తే పక్కటెముకలు తేలిగ్గా తగలాలి. పైనుంచి చూస్తే నడుము సన్నగా కనిపించాలి.

గిన్నెలో ఏమి ఉండాలి?

ప్యాకెట్ ఆహారం ఎంచుకుంటే అది ‘కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్’ అని, పెరుగుదల దశకు లేదా అన్ని దశలకు తగినదని లేబుల్ మీద ఉందో లేదో చూడాలి. పెద్ద జాతులకు ప్రత్యేకించిన పప్పీ ఫుడ్ తీసుకోవాలి. దానికి కాల్షియం సిరప్ గానీ పొడి గానీ కలపకూడదు. చిరుతిళ్లు, అన్నం వంటివి రోజువారీ శక్తిలో పదో వంతు మించకూడదు.

ఇంటి వంటే పెట్టేవారికి నియమం వేరు. అన్నం, మాంసం లేదా గుడ్లు, కూరగాయలు, కొద్దిగా నూనెతో వండిన ఆహారానికి కాల్షియం తప్పనిసరిగా చేర్చాలి, అదీ కొలిచి. ఒక కోడిగుడ్డు పెంకులోనే సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది కాబట్టి ఉజ్జాయింపుగా వేసే పొడి లెక్క తప్పిస్తుంది. పిల్ల వయసు, బరువు, జాతి చెప్పి పశువైద్యుడితో మోతాదు రాయించుకోవాలి. జింక్, అయోడిన్, విటమిన్-డి వంటి వాటి సంగతీ అప్పుడే అడగాలి.

నాలుగు నెలల వరకు రోజుకు మూడు నాలుగు సార్లు, ఆరు నెలలు దాటాక రెండుసార్లు పెడితే సరిపోతుంది. కొత్త ఆహారానికి వారం రోజుల్లో కొద్దికొద్దిగా మార్చాలి. సాంబారు, కూరల్లోని ఉల్లి, వెల్లుల్లి ఉడికినా సరే కుక్క ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, చక్కెర బదులు జైలిటాల్ వాడిన పదార్థాలు విషంతో సమానం. ఉడికించిన ఎముకలు చీలి పేగులకు గుచ్చుకోవచ్చు.

కాలు వంగడం గమనించిన వెంటనే సిరప్ సీసా తెరవకుండా, పిల్లను, అది తినే వాటి పట్టికను పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. కాల్షియం తక్కువైందా, ఎక్కువైందా అనేది తేలితేనే చికిత్స ఏ దిక్కుగా సాగాలో తెలుస్తుంది. పెరుగుదల ఫలకాలు చిన్న జాతుల్లో ఏడాది లోపే, పెద్ద జాతుల్లో ఏడాదిన్నర లోపు మూసుకుపోతాయి. ఆ తర్వాత వంకరను ఆహారంతో సరిదిద్దడం సాధ్యం కాదు.