ధ్యానం చేయవచ్చు, మాత్రలు మానరాదు



మా ఓ.పి.లో ఒక తల్లి ఇలా అడిగారు: "సిస్టరు గారండీ, మా అబ్బాయిని పది రోజుల ధ్యాన శిబిరానికి పంపమంటున్నారండి. అక్కడికెళ్తే ఇక మాత్రలు అక్కర్లేదంటండి. పంపమంటారా?" ఆ అబ్బాయికి స్కిజోఫ్రీనియా. పక్కన ఎవరూ లేకపోయినా తిట్టే స్వరాలు వినిపిస్తాయి. మాత్రలు వాడుతూ ఏడాదిగా నెమ్మదిగా ఉన్నాడు. ఇదే ప్రశ్న మరికొన్ని కుటుంబాలకూ ఉంటుంది గనుక ఈ సంచికలో జవాబు రాస్తున్నాము.

మైండ్‌ఫుల్‌నెస్ అనగా ఏమి?

ఈ క్షణంలో శరీరంలోను మనసులోను జరిగేదాన్ని, దానితో పోట్లాడకుండా గమనించడమే మైండ్‌ఫుల్‌నెస్. తెలుగులో 'ఎరుక' అనవచ్చు. ఇది బౌద్ధ ధ్యానం నుండి వచ్చింది. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ దీనిని మతంతో సంబంధం లేని శిక్షణగా ఆసుపత్రి రోగులకు నేర్పడం మొదలుపెట్టారు. మాటిమాటికీ తిరగబెట్టే డిప్రెషన్‌కు కూడా ఇప్పుడు వాడుతున్నారు.

తీవ్ర వ్యాధిలో జాగ్రత్త ఎందుకు?

గంటల తరబడి కళ్ళు మూసుకొని మౌనంగా కూర్చుంటే కొందరిలో స్వరాలు, అనుమానాలు ఎక్కువ కావచ్చు. నిద్ర తగ్గితే వ్యాధి తిరగబెట్టవచ్చు. పది రోజుల విపశ్యన శిబిరాల్లో రోజుకు సుమారు 10 గంటల ధ్యానం ఉంటుంది. తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారికి అది తగదని ఆ నిర్వాహకులే చెబుతున్నారు. కనుక వ్యాధి సంగతి దాచి ఎవరినీ పంపరాదు.

ఇంగ్లాండులో పాల్ చాడ్విక్ అనే క్లినికల్ సైకాలజిస్టు స్వరాలు వినేవారి కోసం పద్ధతిని మార్చారు. ఒకసారికి 10 నిమిషాలు మించదు. నేర్పేవారు మధ్యమధ్య మాట్లాడుతూ తోడుగా ఉంటారు. 2016లో ప్రచురించిన ఒక పరీక్షలో 108 మంది పాల్గొన్నారు. మొత్తం మనోవేదన కొలతలో స్పష్టమైన తేడా రాలేదు. అయితే స్వరాల వలన కలిగే బాధ, డిప్రెషన్ తగ్గాయి. స్వరం ఆగిపోవడం ఇక్కడ గురి కాదు, దాని పట్టు సడలడమే గురి.

ఇంటిలో ఎలా చేయాలి?

మానసిక వైద్యులు సరేనన్న తరువాతే మొదలుపెట్టండి.

1. కుర్చీలో కళ్ళు తెరిచే కూర్చోవాలి. పాదాలు నేలకు ఆనించాలి. పక్కన ఇంటివారు ఒకరు ఉండాలి.
2. మొదట 3 నిమిషాలు చాలు. పాదాల క్రింద నేల స్పర్శను గమనించాలి.
3. స్వరం వస్తే "స్వరం వచ్చింది" అనుకోవాలి. దానికి జవాబు చెప్పవద్దు, అది చెప్పినట్లు చేయవద్దు. మరల పాదాల వైపు రావాలి.
4. కూర్చోలేనివారు కొబ్బరి ఈనెలు చీరుతూ చేతుల కదలికనే గమనించవచ్చు.
5. భయం, కంగారు పెరిగితే వెంటనే ఆపి మాట్లాడించండి.

నిద్ర పట్టని రోజుల్లో, వ్యాధి ఉధృతంగా ఉన్నప్పుడు, అతి ఉత్సాహం, అతివాగుడు ఉన్నప్పుడు అసలు చేయించవద్దు. "చచ్చిపో" అని స్వరం ఆజ్ఞాపిస్తుంటే రోగిని ఒంటరిగా వదలక ఆసుపత్రికి తీసుకురండి.

ప్రార్థన చేస్తున్నాము గదా, మాత్రలెందుకు అని కొందరు విశ్వాసులు అడుగుతారు. ఏలీయా ప్రవక్త చావును కోరుకున్న దినమున దేవుడు మొదట అతనిని నిద్రపోనిచ్చి, దూతచేత రొట్టె, నీళ్ళు ఇప్పించెను. మెల్లని స్వరము వినిపించినది ఆ తరువాతనే. మాత్రలు, నిద్ర, భోజనం కూడా ఆయన సంరక్షణలోనివే.

ఆ తల్లితో మేము చెప్పినది ఇదే: "శిబిరానికి పంపవద్దమ్మా. మాత్రలు ఒక్క పూట కూడా మాన్పించవద్దు. డాక్టరు గారిని అడిగి, మీ అరుగు మీద మీరు పక్కన కూర్చొని మూడు నిమిషాలతో మొదలుపెట్టించండి."

కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలోను, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలలోను మానసిక వైద్యులు ఉన్నారు. 2022లో ప్రారంభమైన టెలి-మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.