కారు కింద మూడు మరకలు

మా అన్నయ్య కిందటి వర్షాకాలంలో ఒక పాత కారు కొన్నాడు. ఎనిమిదేళ్లు మరొకరి చేతిలో తిరిగిన బండి. రంగు బాగానే ఉంది, సీట్లు బాగానే ఉన్నాయి, తాళం తిప్పగానే ఇంజను అందుకుంటోంది. ఇంకేం కావాలి? ఆదివారం అందరం కలిసి రాజమండ్రినుంచి మారేడుమిల్లి మీదుగా భద్రాచలం వెళ్లి రావాలని నిశ్చయించుకున్నాం. మారేడుమిల్లి దాటితే చింతూరు వైపు అంతా ఘాట్ రోడ్డు. ఒక పక్క కొండ, మరో పక్క లోయ, అడుగడుగునా మలుపు.

గురువారం సాయంత్రం ఊళ్లో ఒక చుట్టు తిరిగివచ్చి కారును వాకిట్లో నిలిపాం. పది నిమిషాలు గడిచాయో లేదో దాని కింద చిన్న మడుగు కట్టింది.

"నాన్నా, కారు కారుతోంది!" అని కేకేసింది తొమ్మిదో తరగతి చదువుతున్న మా అన్నయ్య కూతురు.

అన్నయ్య గాభరాపడి మెకానిక్కుకు ఫోను చేశాడు. "పాత బండి కదండీ, కొంచెం కారడం మామూలే. ఆదివారం వెళ్లి రండి, సోమవారం చూద్దాం" అన్నాడతను. అన్నయ్య ఊపిరి పీల్చుకున్నాడు. కాని అమ్మాయి ఊరుకోలేదు. "బాబాయ్, కారేది ఏమిటో తెలియకుండా మామూలే అని ఎలా చెప్పాడు?" అని నన్నడిగింది.

ప్రశ్న న్యాయమైనదే. ఒక కారులో ఎన్ని రకాల ద్రవాలుంటాయో తెలుసా? ఇంజనులో కందెన నూనె, గేర్ల పెట్టెలో మరో నూనె, రేడియేటర్లో కూలెంటు, బ్రేకు గొట్టాల్లో బ్రేక్ ఆయిల్, ట్యాంకులో పెట్రోలు, అద్దం కడగడానికి సీసాలో నీళ్లు. వీటిలో కొన్ని కారినా ఫరవాలేదు, కొన్ని కారితే ఖర్చు, ఒకటి రెండు కారితే ప్రాణానికే ముప్పు. అందుచేత మొదట తేల్చవలసింది, కారుతున్నది ఏది అన్న సంగతి.

వార్తాపత్రికల పటం

ఆ రాత్రి మేము పాత వార్తాపత్రికలు విప్పి కారు కింద పొడుగునా పరిచాం. ఎగిరిపోకుండా అంచుల మీద రాళ్లు పెట్టాం. ఏ చక్రం ఎక్కడుందో, ఇంజను ఏ వైపుందో అమ్మాయి పెన్సిలుతో కాగితం మీద గుర్తులు పెట్టింది. తెల్లవారేసరికి ఆ కాగితాలు ఒక పటంలా తయారయ్యాయి. పటంలో మూడు మరకలున్నాయి.

మొదటిది ముందు భాగంలో, ఎడమ వైపు. పళ్లెమంత వెడల్పు. కాగితం ముడతలు పడింది గాని రంగు లేదు, వాసన లేదు.

రెండోది ఇంజను కింద. అరచేయంత నల్లని మరక. ముట్టుకుంటే జిడ్డు.

మూడోది వెనుక ఎడమ చక్రం లోపలి అంచు కింద. రూపాయి బిళ్లంత, లేత పసుపు రంగు. దాన్ని మొదట ఎవరమూ లెక్కచేయలేదు.

పెద్ద మడుగు కథ

అన్నయ్య భయమంతా పెద్ద మరకను చూసే. కాని మడుగు ఎంత పెద్దదైతే జబ్బు అంత పెద్దదని అనుకోవడానికి వీల్లేదు.

చల్లని నీళ్లు పోసిన గాజు గ్లాసు బయట చెమట పట్టడం మీరు చూసే ఉంటారు. ఆ నీరు గ్లాసులోనుంచి కారింది కాదు. చుట్టూ ఉన్న గాలిలోని నీటి ఆవిరి, చల్లని గాజుకు తగిలి నీరుగా మారింది. దీన్నే సాంద్రీకరణం అంటాం. కారు ఏ.సి.లో కూడా ఇలాంటి చల్లని గొట్టాల చట్రం ఒకటుంటుంది. గాలి దాని గుండా పోయేటప్పుడు అందులోని తేమ నీరై, ఒక చిన్న గొట్టం ద్వారా కారు కిందికి జారిపోతుంది. వర్షాకాలంలో గోదావరి ఒడ్డున గాలిలో తేమకు కొదవేముంది?

ఇది ఊహ. ఊహను పరీక్షకు పెట్టాలి. శుక్రవారం సాయంత్రం అదే దారిలో, అంతే దూరం, అంతసేపు కారు నడిపాం. ఒక్క ఏ.సి. మాత్రం వేయలేదు. మిగతావన్నీ యథాతథంగా ఉంచి ఒక్కటే మార్చడం ప్రయోగంలో ముఖ్యమైన నియమం. ఇంటికొచ్చి చూస్తే ముందు ఎడమవైపు నేల పొడిగా ఉంది. పెద్ద మడుగు కథ అంతటితో ముగిసింది. అది జబ్బే కాదు!

పడిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు

ఇక నల్లని మరక. కొత్త ఇంజను నూనె తేనె రంగులో ఉంటుంది. ఇంధనం మండగా వచ్చిన మసి కలిసి క్రమంగా నల్లబడుతుంది. కాబట్టి ఇది ఇంజను నూనే. ఎక్కడినుంచి వస్తోంది?

శనివారం ఉదయం కారును గారేజీకి తీసుకెళ్లాం. మెకానిక్కు వంగి చూసి, "అడుగున ఉన్న నూనె తొట్టి బిరడా దగ్గర చుక్క వేలాడుతోంది, బిరడా మార్చేద్దాం" అన్నాడు. ఇక్కడే చాలామంది పొరబడతారు. చూరునుంచి నీటి బొట్టు రాలిన చోట పైన పెంకు పగలాలని ఏమీ లేదు. పెంకు ఎక్కడో పైన పగులుతుంది. నీరు వాసం వెంట జారి జారి, అన్నిటికంటే కిందుగా ఉన్న చోట బొట్టుగా రాలుతుంది. నూనె కూడా అంతే. లోహానికి అంటిపెట్టుకుని కిందికి పాకుతుంది. కారు పరుగెడుతున్నప్పుడైతే ఎదురుగాలి దాన్ని వెనక్కి కూడా నెడుతుంది. కనుక కారుడు పుట్టిన చోటు కావాలంటే తడి తగిలినంత మేర అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్న చోటును వెదకాలి.

ఇంజను చల్లారాక మెకానిక్కు జిడ్డంతా కడిగి, తుడిచి ఆరబెట్టాడు. పాత మురికి మీద కొత్త జాడ కనిపించదు గదా! తర్వాత ముఖానికి రాసుకునే పౌడరు పలుచగా చల్లి, కాసేపు ఇంజను నడిపాడు. తెల్లని పొడి మీద సన్నని నల్లగీత ఒకటి పడింది. అది బిరడా దగ్గర మొదలు కాలేదు. ఇంజను పైనుండే ట్యాపెట్ కవర్ అంచున మొదలై, పక్కగా జారి, బిరడా దాకా వచ్చింది. కవర్ కింద వేసిన గాస్కెట్ ఏళ్ల తరబడి వేడికి ఎండి గట్టిపడి, పట్టు వదిలింది. బిరడా మారిస్తే డబ్బు పోయేది, కారుడు మిగిలేది.

పెద్ద గారేజీల్లో పౌడరుకు బదులు నూనెలో ప్రత్యేకమైన రంగు కలిపి అతినీలలోహిత కాంతి ప్రసరింపజేస్తారు. కారిన మేర పచ్చగా మెరుస్తుంది. పద్ధతి మారినా సూత్రం ఒకటే.

నిమిషానికి ఒక్క చుక్కే కదా అనుకోకండి. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుందాం. రోజుకు 1440 నిమిషాలు, అంటే 72 మిల్లీలీటర్లు. 14 రోజులకు ఒక లీటరు పోతుంది! నూనె చుక్క నీటి చుక్కకంటే చిన్నది కాబట్టి ఇది రమారమి లెక్క. అయినా డిప్‌స్టిక్ తీసి నూనె మట్టం చూస్తూ ఉండాలని చెప్పడానికి ఈ లెక్క చాలు.

రూపాయి బిళ్లంత మరక

గాస్కెట్ మారుస్తుండగా అమ్మాయి వెనుక చక్రం దగ్గర కూర్చుంది. టైరు లోపలివైపు గోడ తడిగా ఉంది, ఆ తడికి దుమ్ము అంటుకుంది. అగ్గిపుల్ల కొనతో ఒక చుక్క తీసి, గిన్నెలోని నీళ్లలో వదిలింది. పక్కన మరో గిన్నెలో ఇంజను నూనె చుక్క వేసింది. ఇంజను నూనె నీటి మీద తేలింది. చక్రం దగ్గరి చుక్క మాత్రం నీళ్లలో కలిసిపోయింది!

నూనె నీళ్లలో కలవదు. కలిసిందంటే అది నూనె కాదు. మనం బ్రేక్ ఆయిల్ అని పిలుస్తామే గాని, మామూలు కార్లలో వాడే ఆ ద్రవం అసలు నూనె జాతిది కాదు. గ్లైకాల్ ఈథర్లనే రసాయనాలతో చేసినది. అందుకే నీళ్లలో కలుస్తుంది. అందుకే దాని బదులు ఇంజను నూనె ఎన్నడూ పోయకూడదు. పోస్తే లోపలి రబ్బరు భాగాలు ఉబ్బి చెడిపోతాయి.

ఒక్క రుజువు చాలదు, కూలెంటు కూడా నీళ్లలో కలుస్తుంది. అయితే కూలెంటు గొట్టాలు ఆ చక్రం దాకా పోవు. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూశాం. మట్టం కనిష్ఠ గీతకు దిగువన ఉంది. బ్రేకు ప్యాడ్లు అరిగినా మట్టం కొంత దిగుతుంది, నిజమే. కాని చక్రం దగ్గరి తడినీ దీన్నీ కలిపి చూస్తే అనుమానం మిగలలేదు. మెకానిక్కు చక్రం విప్పాడు. లోపల వీల్ సిలిండర్ రబ్బరు చీలి, బ్రేక్ ఆయిల్ మెల్లగా ఊరుతోంది.

పాస్కల్ నియమం పనిచేసే చోటు

మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట పీడనం కలిగిస్తే, అది తగ్గకుండా అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని ఫ్రాన్సు దేశీయుడు బ్లేజ్ పాస్కల్ చెప్పాడు. ఆయన ద్రవాల గురించి రాసిన గ్రంథం, ఆయన మరణించిన మరుసటి ఏడు 1663లో వెలువడింది. ఆ నియమాన్ని నాలుగు చక్రాల బ్రేకులకూ వినియోగించుకున్న తొలి కార్లలో ఒకటి 1921లో వచ్చిన అమెరికన్ కారు డ్యూసెన్‌బర్గ్.

చిన్న లెక్క చూడండి. పెడల్ నొక్కినప్పుడు 4 చదరపు సెంటీమీటర్ల ముషలకం మీద 400 న్యూటన్ల బలం పడిందనుకుందాం. పీడనం చదరపు సెంటీమీటరుకు 100 న్యూటన్లు. చక్రం దగ్గరి ముషలకం 20 చదరపు సెంటీమీటర్లుంటే, దాని మీద పడే బలం 2000 న్యూటన్లు. కాలి బలం అయిదు రెట్లయింది!

ద్రవం దాదాపు నొక్కుకుపోదు కాబట్టే ఇది సాధ్యం. బ్రేక్ ఆయిల్ కారిపోయి దాని స్థానంలో గాలి చేరిందనుకోండి. గాలి నొక్కుకుపోతుంది. పెడల్ మెత్తగా లోపలికి దిగుతుంది, చక్రానికి బలం చాలినంత చేరదు. సైకిలు పంపు మూతిని వేలితో మూసి నొక్కితే మీకీ సంగతి తెలుస్తుంది.

ఘాట్ రోడ్డు మీద మరో చిక్కుంది. దిగుతూ మాటిమాటికీ బ్రేకు నొక్కితే రాపిడివల్ల బ్రేకులు బాగా వేడెక్కుతాయి. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 3 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు దాని మరుగు స్థానం కనీసం 205 డిగ్రీల సెంటిగ్రేడ్ ఉండాలి. తేమ చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు దిగుతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి కూడా గాలిలాగే నొక్కుకుపోతుంది. కార్లలో బ్రేకు గొట్టాలను రెండు భాగాలుగా విడదీసి, ఒకటి చెడినా రెండోది పనిచేసే ఏర్పాటు చేశారు. అయినా సగం బ్రేకులతో లోయ అంచున దిగాలని ఎవరు కోరుకుంటారు?

ఆదివారం ప్రయాణం ఆగింది. మెకానిక్కు ఒకటికి బదులు రెండు వెనుక చక్రాల సిలిండర్లూ మార్చి, పాత బ్రేక్ ఆయిల్ తీసి కొత్తది పోసి, గొట్టాల్లోని గాలి తీసేశాడు. "పాప చెప్పకపోతే నేనూ చూసేవాణ్ణి కాదండీ" అన్నాడు.

మీరూ చేసి చూడండి

పాత వార్తాపత్రిక మీద ఒక చోట నీటి చుక్క, మరో చోట కొబ్బరినూనె చుక్క వేయండి. గంట తర్వాత కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. నీటి మరక కనిపించదు. నూనె మరకలోనుంచి వెలుతురు వస్తుంది. కాగితం సన్నని పీచుల అల్లిక, పీచుల మధ్య గాలి ఉంటుంది. ఆ గాలి, పీచుల మధ్య వెలుతురు చెదిరిపోవడంవల్ల కాగితం గుండా చూడలేం. నూనె ఆ సందుల్లో నిండితే చెదరడం తగ్గుతుంది. నీరు కూడా ఇదే పని చేస్తుంది గాని త్వరగా ఆవిరైపోతుంది.

కారు దగ్గర మాత్రం కొన్ని జాగ్రత్తలు తప్పవు. కారిన ద్రవాన్ని నాలుకకు తాకించకండి. కూలెంటులో సాధారణంగా ఉండే ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కాని విషం. జాకీ మీద ఎత్తిన కారు కిందికి దూరకండి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తీయకండి. ప్రెషర్ కుక్కర్లోలాగే అందులోనూ ద్రవం పీడనం కింద ఉంటుంది, మూత తీయగానే మరుగుతూ పైకి చిమ్ముతుంది. పెట్రోలు వాసన వస్తే దగ్గర నిప్పు లేకుండా చూసి, వెంటనే పెద్దలకు చెప్పండి. చేతికి ఏది అంటినా సబ్బుతో కడుక్కోండి.

మరుసటి ఆదివారం ఘాట్ రోడ్డు మీద చిన్న గేరులో నింపాదిగా దిగి భద్రాచలం చేరాం. గోదావరి ఒడ్డున కారు ఆపగానే అమ్మాయి వంగి కిందికి చూసింది. ముందు ఎడమ వైపు నీటి మడుగు కడుతోంది. ఇంజను కింద మరక లేదు. వెనుక చక్రం పొడిగా ఉంది.

"కారు కారుతోంది నాన్నా, ఫరవాలేదు" అంది.