కొత్త బ్రౌజరు, పాత కంప్యూటరు



కంప్యూటరు సంగతి యీవిడకేం తెలుసని మీరు నవ్వుకోవచ్చు. పదో తరగతితో చదువాపేసిన దాన్ని, నిజమే. కానీ గ్యాసు పొయ్యి వెలగకపోతే మనం మెకానిక్కు కోసం చూస్తూ కూర్చుంటామా చెప్పండి? ముందు సిలిండరు చూస్తాం, బర్నరు తీసి తుడుస్తాం. ఇదీ అంతే.

మా యింట్లో కంప్యూటరుకి పదేళ్ళు. మా అమ్మాయి ఇంజనీరింగు కౌన్సెలింగుకి ఆప్షన్లు పెట్టే గడువు రేపటితో ముగుస్తుందనగా, బ్రౌజరు తనంతట తనే అప్‌డేటు అయి కూర్చుంది. అంతే, తెర బిగుసుకుపోయింది. బాణం గుర్తు కదలదు, మీట నొక్కితే పలకదు. అన్నేసి కాలేజీల పేర్లు ఫోను తెర మీద పెట్టడం కుదిరే పని కాదని పిల్ల ఒకటే ఏడుపు. మావారు రిపేరు షాపుకి ఫోను చేస్తే, "ఫార్మాటు చేసేద్దామండీ" అన్నాట్ట ఆ అబ్బాయి. అంటే లోపలున్నదంతా తుడిచేయడమే. మా అత్తగారి ఫొటోలన్నీ అందులోనే వున్నాయి. ఆవిడ పోయి రెండేళ్ళయింది, వేరే కాపీ లేదు. నేను వీల్లేదన్నాను. బెంగుళూరులో వున్న మా తమ్ముడు ఫోనులో చెబుతూంటే నేనే మీటలు నొక్కాను.

మొదటి మాట, కంగారుపడి స్విచ్చి కట్టేయకండి. అప్‌డేటు తర్వాత మొదటిసారి తెరుచుకునేటప్పుడు పాత యంత్రానికి ఆలస్యం అవుతుంది. డబ్బా మీది చిన్న దీపం మినుకుమినుకుమంటూంటే లోపల పని జరుగుతోందన్నమాట. ఓ పావుగంట ఆగండి. అప్పటికీ కదలకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజరు వస్తుంది. అందులో బ్రౌజరు పేరు మీద నొక్కి, 'ఎండ్ టాస్క్' అనండి. మళ్ళీ తెరిచినప్పుడు, పాత పేజీలన్నీ తెమ్మంటావా అని అడుగుతుంది. వద్దనండి! అవన్నీ ఒక్కసారిగా వస్తే మళ్ళీ బిగుస్తుంది.

ఎందుకంటారా? ర్యామ్ అనేది మన వంటింటి గట్టు లాంటిది. మాది 4 జి.బి. గట్టు. కంప్యూటరు తన సొంత పనులకే అందులో చాలా భాగం వాడేసుకుంటుంది. మనం తెరిచే ఒక్కో పేజీ ఒక్కో గిన్నె. గట్టు నిండాక గిన్నెలు తీసికెళ్ళి స్టోరు గదిలో పెట్టి, కావలసినప్పుడల్లా తెచ్చుకోవాలి. హార్డ్ డిస్కు అనే స్టోరు గది దూరం. ఆ తిరుగుడుకే ప్రాణం పోతుంది. కాబట్టి రెండు మూడు పేజీలకి మించి తెరవకండి. క్రోమ్‌లో 'మెమరీ సేవర్' అనే సదుపాయం వుంది, అది పెట్టుకుంటే వాడని పేజీల్ని అదే పక్కన పడుకోబెడుతుంది.

మా యింట్లో అసలు దోషం అది కాదు లెండి. తెర మీద బొమ్మలు గీసే పనిని బ్రౌజరు గ్రాఫిక్స్ భాగానికి అప్పగిస్తుంది. కొత్త బ్రౌజరు కొత్త పద్ధతిలో పని చెబితే, పాత భాగానికి అర్థంకాక నోరు తెరుచుకుని నిలబడింది. క్రోమ్‌లో అయితే సెట్టింగ్స్‌లో 'సిస్టమ్' అన్నచోట గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపేసి, బ్రౌజరు మూసి తెరవాలి. ఫైర్‌ఫాక్సులో యీ మీట 'జనరల్' కింద 'పెర్ఫార్మెన్స్'లో వుంటుంది. ఫైర్‌ఫాక్సుని షిఫ్ట్ మీట పట్టుకుని తెరిస్తే, అదనపు సరంజామా ఏదీ లేకుండా తెరుచుకుంటుంది. అప్పుడు బాగా నడిస్తే, తప్పు ఆ సరంజామాలోనో గ్రాఫిక్స్‌లోనో వుందని తేలినట్టే. కూపన్లకనీ, వాతావరణానికనీ పిల్లలు తగిలించిన ఎక్స్‌టెన్షన్లు మాకు ఆరు దొరికాయి. అన్నీ పీకేశాను.

బ్రౌజరు తీసేసి మళ్ళీ పెట్టుకోవలసి వస్తే, 'బ్రౌజింగ్ డేటా కూడా తొలగించు' అన్న గడిలో టిక్కు పెట్టకండి. దాచుకున్న పాస్‌వర్డులన్నీ పోతాయి.

ఇంకా విండోస్ 7 వాడేవాళ్ళున్నారు. 2023లో వచ్చిన 109వ క్రోమే దానికి ఆఖరిది. ఆ పైది ఎక్కదు, ఎంత తంటాలు పడినా. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరుతో ముగిసింది. అటువంటి యంత్రాల మీద బ్యాంకు పనులు పెట్టుకోకపోవడమే మంచిది.

మరొకటి. తెర బిగుసుకుని, "మీ బ్రౌజరు పాడైంది, యీ నంబరుకి ఫోను చేయండి" అని కనబడితే అది అప్‌డేటు కాదు, దొంగ! నిజమైన బ్రౌజరు ఎప్పుడూ ఫోను నంబరివ్వదు. ఆ కిటికీని కూడా టాస్క్ మేనేజరుతోనే మూసేయండి. ఎవరైనా డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోను చేయాలి.

రాత్రి పదకొండున్నరకి మా అమ్మాయి ఆప్షన్లు పెట్టడం పూర్తయింది. మర్నాడు వంట కూడా మొదలుపెట్టకుండా, అత్తగారి ఫొటోలన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించి బీరువాలో పెట్టాను.